ప్రతిసారీ వాచ్‌మన్ నేనే

నవ్వుకోవడానికి పుస్తకం చదివేవాడిని మా గోపాలపట్నంలో ఎవరూ మనిషి కింద లెక్కకట్టరు. చేతిలో భక్తి పుస్తకం ఉంటే బస్సులో జరిగి చోటిస్తారు. పోటీ పరీక్షల పుస్తకం ఉంటే ఏ పోస్టుకని ఆరా తీస్తారు. హాస్య కథల పుస్తకం అని తెలిస్తే మాత్రం, పాపం ఈ వయసులో ఇతనికేం వచ్చిందో అన్నట్టు చూస్తారు. ఫోను చూసి పగలబడి నవ్వేవాడు ఆరోగ్యవంతుడు. కాగితం చూసి కిసుక్కుమన్నవాడి పక్క సీటు మాత్రం వచ్చే స్టాపులోనే ఖాళీ అయిపోతుంది. నాకది ఒక రకంగా కలిసొచ్చింది. పాతికేళ్ళుగా హార్బరు బస్సులో కాళ్ళు చాపుకుని ప్రయాణం చేస్తున్నాను.

పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో నా ఉద్యోగం. ఓడల్లో వచ్చిన సరుకుకి కాగితాలు తయారుచేసి బయటికి పంపించడం మా పని అని బయట బోర్డు మీద రాసి ఉంటుంది. బోర్డుల మాట ఎవరు నమ్మారు కనక. మా అసలు పని ఎదురుచూడడం. ఓడ బెర్తుకి వచ్చేదాకా ఎదురుచూడాలి, వచ్చాక సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి భోజనం ముగించి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపుల్లో మా ఆఫీసువాళ్ళు కొందరు షేర్ల వ్యాపారం నేర్చుకున్నారు, ఇద్దరు అచ్యుతాపురం వైపు స్థలాల బేరాల్లో దిగారు. నేను ఫైలు మధ్యలో పెట్టుకుని హాస్య కథలు చదివాను. ఎవరు బాగుపడ్డారో వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకాలు నాకు పూర్ణా మార్కెట్ వైపు ఫుట్‌పాత్ మీద దొరికేవి. అక్కడ హాస్యం తూకానికి వస్తుంది. వాటితో ఉన్న చిక్కల్లా ఒక్కటే, చివరి పేజీలు ఉండవు. అట్ట మీద చెద ఉంటుంది, మధ్యలో ఎవరో పాత పాఠకుడి టీ మరక ఉంటుంది, కథ సరిగ్గా కొసకి వచ్చేసరికి కాగితం చిరిగిపోయి ఉంటుంది. నవ్వబోయి నోరు తెరిచినవాడు అలా తెరుచుకునే ఉండిపోవాలి.

ఆ కష్టం నాకు ఎక్కువకాలం లేదు. మా ఇంట్లో ఒక మనిషి ఉంది.

నా భార్య నాకు మేనమామ కూతురు. భీమిలి దాటాక లోపలికి వెళ్తే మా ఊళ్ళు, పక్కపక్కనే. పెళ్ళికి ముందు బావా అని పిలిచేది, పెళ్ళయ్యాక దాన్ని మార్చే అవసరం కనబడలేదు. పదో తరగతి దాకా చదువుకుంది. నాకంటే వేగంగా చదువుతుంది. కానీ హాస్యం మాత్రం తనంతట తను చదువుకోదు.

"సదివితే సగం నవ్వే వొస్తాది బావా. ఇంటే మొత్తం వొస్తాది. నువ్వు సదువు, నాను సేపలు తోముకుంతాను," అంటుంది.

అలా సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే టీ తాగి, నేను వంటింటి వెనక గుమ్మంలో స్టూలు వేసుకుని చదవడం, ఆవిడ కుళాయి గట్టు దగ్గర కూర్చుని వినడం మా ఇంటి రివాజు. ఆవిడ దగ్గర విమర్శ చాలా సులభంగా ఉంటుంది. కథ బాగుంటే చేప మీద చెయ్యి ఆగుతుంది. బాగులేకపోతే కుళాయి తిప్పేస్తుంది. ఆ నీళ్ళ చప్పుడులో ఎంత గొప్ప రచయిత అయినా కొట్టుకుపోవాల్సిందే. నా జీవితంలో చాలామంది పేరున్నవాళ్ళు అలా మా ఇంటి తూములోంచి సముద్రంలో కలిశారు.

చివరి పేజీ లేని కథలు వచ్చినప్పుడు ముగింపు ఆవిడే చెప్పేది. ఒకసారి ఒక పిసినారి కథ చదివాను. ఇంటికి చుట్టాలొస్తారు. వాళ్ళకి భోజనం పెట్టడం తప్పించుకోవాలని వాడు జ్వరం వచ్చినట్టు ముసుగు తన్ని పడుకుంటాడు. అక్కడితో పేజీ సరి.

"ఇక్కడిదాకే ఉందే," అన్నాను.

"అయితే ఏటి? మిగిల్నది నాను సెప్తాను. ఆ సుట్టాలు మంచోల్లు బావా. జొరం తగ్గేదాకా ఉండి సూసుకుంతామని ఆగిపోతారు. ఆడికి పత్తెం, ఆల్లకి బోజనం," అంది, చేప తల మీంచి కళ్ళు తీయకుండా.

తర్వాతెప్పుడో ఆ పుస్తకం పూర్తి ప్రతి దొరికింది. ఆత్రంగా చివరి పేజీ తిప్పాను. రచయితగారి ముగింపు ఇందులో సగం కూడా లేదు. ఆ మాట ఆవిడకి చెప్పాను గానీ, ఆవిడ రచయిత్రి అని నాకు తోచలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. అలాంటి చెట్టు కింద స్టూలు వేసుకుని కూర్చుని మందు కోసం ఊరంతా తిరిగే నాలాంటివాడిని చూసే అని ఉంటారు.

ఇక ఫోను సంగతి. ఒక సాయంత్రం గ్యాసు బండ బుక్ చెయ్యడానికి ఆవిడ ఫోను చేసింది. రికార్డు చేసిన గొంతు తీయగా మొదలుపెట్టింది, తెలుగు కోసం రెండు నొక్కండి అని. నా భార్య స్పీకరు పెట్టి, నాకేసి కన్ను కొట్టి, ఫోనుతో మాట్లాడడం మొదలుపెట్టింది.

"నొక్కుతానమ్మా. సేతులకి నీసుంది, కడుక్కోనీ. ఈలోగా నువ్వు తిన్నావా?"

"క్షమించండి. మీరు ఎంచుకున్నది సరైనది కాదు," అంది ఫోను.

ఆవిడ నావైపు తిరిగింది. "సూసినావా బావా? తిన్నావా అని అడిగితే సరైనది కాదంట. పొద్దుట్నించి మాటాడిస్తన్నారు, ఆ పోనులో గుంటకి గుక్కెడు మంచినీల్లు ఇచ్చినట్టు నేరు."

నేను స్టూలు మీంచి పడ్డంత పని అయింది. బండ ఆ రోజు బుక్ కాలేదు. అయితేనేం, వారం రోజులు ఆ మాట తలుచుకుని ఆఫీసులో ఫైలు చాటున నవ్వాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నవ్వు ఇంట్లో దొరుకుతుంటే మగవాడు ఇంట్లో ఉండిపోవాలా? నేను సభకి వెళ్ళాను.

సముద్రం కనబడే ఒక అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లో నెలనెలా రెండో ఆదివారం పొద్దున్న హాస్య పఠనం జరుగుతుంది. సభ్యులు ఎక్కువమంది ఉక్కు ఫ్యాక్టరీలోనూ పోర్టులోనూ పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చి, ఇక్కడే ఇళ్ళు కట్టుకుని, ఇక్కడే మనవల్ని ఎత్తుకుని, ఇప్పటికీ ప్రతి వాక్యమూ "మా వైపు" అని మొదలుపెట్టేవాళ్ళు. మంచివాళ్ళు. ముందు నవ్వుతారు, తర్వాత ఇడ్లీ తింటారు. డాక్టరు నవ్వమన్నాడని వచ్చేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళు జోకుతో సంబంధం లేకుండా, మాత్ర వేసుకున్నట్టు టైముకి నవ్వుతారు.

అక్కడ కథని ఒక్కరే చదవరు. పాత్రలు పంచుకుని చదువుతారు. పంచేది అధ్యక్షుడుగారు. నేను వెళ్ళిన మొదటి రోజు "తమరెక్కడివారండీ?" అని అడిగారు. భీమిలి వైపు అన్నాను. "అయితే ఈ వాచ్‌మన్ మీరు చదవండి," అని కాగితం చేతిలో పెట్టారు.

నాకు రెండు నోళ్ళు ఉన్నాయి. ఆఫీసుకి ఒకటి, ఇంటికి ఒకటి. ఆ వేళ ఇంటి నోటితో వాచ్‌మన్‌ని చదివాను. హాలు ఊగిపోయింది. మరుసటి నెల దొంగ. ఆ పై నెల సామాన్లు మోసేవాడు. తర్వాత చేపలమ్మే మనిషి, తర్వాత మళ్ళీ వాచ్‌మన్. ఏడాదిలో ఒక్కసారి కూడా నేను ఏ ఇంటికీ యజమానిని కాలేదు. కనీసం గుమాస్తాని కూడా కాలేదు, నిజ జీవితంలో ఆ ఉద్యోగమే చేస్తున్నా సరే. ఇవన్నీ నాకు కనబడ్డాయా అంటే, ఏనుగెక్కినవాడికి దారిలో గోతులు కనబడతాయా?

"యాస ఎంత సహజంగా పలికారండీ!" అన్నారు అధ్యక్షుడుగారు.

మా అమ్మ మాట్లాడినట్టు నేను మాట్లాడితే సహజంగా ఉండక ఏం చేస్తుంది? కానీ నేను చేతులు నలుపుకుంటూ "ఏదోనండీ, ప్రాక్టీసు," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆ నెల నాకు శాలువా కూడా కప్పారు.

సభ వార్షికోత్సవానికి నన్నే సొంతంగా ఒక హాస్యం రాసి చదవమన్నారు. నా దగ్గర సొంత సరుకు ఏముంది? ఫోను సంగతి రాశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోయేది. అయితే నేను రచయితని కదా, మెరుగులు దిద్దాను. నా భార్యని తీసి ఒక పనిమనిషిని పెట్టాను. కన్ను కొట్టడం తీసేశాను. ఆ పనిమనిషి ఫోనులో నిజంగానే ఒక పిల్ల కూర్చుని ఉందనుకుంటుంది. దాని ఆకలికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. చివరికి కేరేజీలో అన్నం పెట్టుకుని గ్యాసు ఆఫీసుకి వెళ్ళి ఆ పిల్లని వెతుకుతుంది. మాటలు మాత్రం నా భార్యవే, అక్షరం మార్చలేదు.

ఆ ఉదయం ఆవిడని కూడా వెంటబెట్టుకు వెళ్ళాను. కనకాంబరం రంగు చీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. నేను మొదలుపెట్టగానే తన మాటలు గుర్తుపట్టింది. మొహం వెలిగింది. అటూ ఇటూ చూసింది, ఇది నాదే అని పక్కావిడకి చెబుదామన్నట్టు. ఇంతలో పనిమనిషి ఏడవడం మొదలుపెట్టింది. హాలంతా నవ్వు. కేరేజీ దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒకాయనకి పొలమారింది. నా భార్య మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు ఒళ్ళో చేతుల మీదికి దిగిపోయాయి.

నేను చూశాను. చూడలేదని రాసుకుంటే నాకు బాగుంటుంది. కానీ చూశాను, చూసి కూడా ఇంకొంచెం సాగదీసి చదివాను. చప్పట్లు వినబడుతున్నప్పుడు మనిషికి ఇంకేమీ వినబడదు.

సభ అయ్యాక అధ్యక్షుడుగారి భార్య మా ఆవిడ దగ్గరికి వచ్చారు. వచ్చినావిడలో కల్మషం లేదు, అదే బాధ. "మా పనమ్మాయి అచ్చం ఇలాగే మాట్లాడుతుందండీ. మీరూ భీమిలి వైపేగా? ఏదీ, ఆ ఫోనులో మాట ఒక్కసారి అనండి, మీ నోట వినాలనుంది," అన్నారు.

నా భార్య రెండు చేతులూ జోడించింది. సన్నగా, తీయగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేని గొంతుతో అంది.

"క్షమించండి. మీరు ఎంచుకున్నది సరైనది కాదు."

అధ్యక్షుడుగారి భార్యకి అర్థం కాలేదు. మర్యాదకి నవ్వారు. ఆ హాల్లో ఆ రోజు పుట్టిన ఒకే ఒక్క మంచి జోకు అది. దానికి నవ్వగల మనిషిని నేనొక్కడినే. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక ఆ గొంతు పోలేదు. "భోజనం కోసం కంచం తెచ్చుకోండి. మంచినీళ్ళ కోసం మీరే లేవండి." బావా అన్న పిలుపు పోయి ఏమండీ వచ్చింది. ఏమండీ అని పిలిపించుకోవాలని ఉబలాటపడే మగవాళ్ళు ఎవరైనా ఉంటే మా ఇంటికి వచ్చి ఓ వారం ఉండి వెళ్ళాల్సింది. శాలువా మిక్సీ మీద కప్పేసింది. దుమ్ము పడకుండా బాగానే పనికొచ్చింది.

"ఏటయ్యిందే? సిన్న జోకుకి ఇంత సేత్తన్నావు," అన్నాను మూడో రోజు.

"ఏమీ కాలేదండీ."

స్టూలు వేసుకున్నాను. పుస్తకం తెరిచాను. ఆవిడ కుళాయి తిప్పలేదు. అది ఇంకా ఘోరం. నేను చదువుతున్నంతసేపూ చేప మీద చెయ్యి ఒకే వేగంతో నడిచింది. ఆగదు, తొందరపడదు. అంత మర్యాదైన శ్రోతని పగవాడికి కూడా కోరుకోను. ఒక కథకి చివరి పేజీ లేదు. ఆశగా తలెత్తి, "ఇక్కడిదాకే ఉందే," అన్నాను.

"నాకు తెలియదండీ. రచయితలు మీరు," అంది.

ఏ ఆఫీసరు ఎన్ని మాటలన్నా దులిపేసుకున్నవాడిని, ఆ మాటని మాత్రం దులుపుకోలేకపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిల్లలకి నీతులు చెప్పే వయసు నాది. కాలు కడుక్కోవడానికి కుళాయి ఆవిడ దగ్గరే ఉంది, ఆవిడేమో తిప్పడం లేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ, నేను అడక్కుండానే చెప్పింది. ఆ గొంతుతోనే చెప్పింది.

"మీరు నా మాటలు రాసినందుకు కాదండీ. ఆ రోజు ఫోనుతో హాస్యమాడింది నేను. మీ కథలో నేను హాస్యమాడలేదు. నన్ను చూసి నవ్వారు."

నోట్లో ఉన్న ముద్ద మింగాను. ఇన్నేళ్ళూ హాస్యం చదివినవాడిని, నవ్వించేవాళ్ళకీ నవ్వులపాలయ్యేవాళ్ళకీ మధ్య తేడా తెలియని మొద్దునని ఇంట్లో కంచం ముందు కూర్చుని తెలుసుకున్నాను. ఆ కన్ను కొట్టడం ఒక్కటి నేను తీసెయ్యకుండా ఉంటే హాలు ఆవిడతో కలిసి నవ్వేది. తీసేసి ఆవిడ మీదికి వదిలాను. ఎందుకు తీశానంటే, భీమిలి వైపు ఆడమనిషి తెలివిగా ఉంటే నవ్వు రాదేమోనని నాకే అనుమానం. అధ్యక్షుడుగారిని అనుకుని ఏం లాభం?

తర్వాతి రెండో ఆదివారం సభకి ఒక్కడినే వెళ్ళాను. ఆ రోజు కథ ఒక డాక్టరుదీ రోగిదీ. తనకి నవ్వు రావడం లేదని ఒక రోగి డాక్టరు దగ్గరికి వస్తాడు. అదీ కథ. అధ్యక్షుడుగారు అలవాటుగా రోగి కాగితం నా చేతిలో పెట్టారు. రోగి మా వైపువాడని వేరే చెప్పాలా?

"ఇవాళ డాక్టరు నేను చదువుతానండీ," అన్నాను.

"భేషుగ్గా చదవండి, దానికేం!" అన్నారు.

లేచి నిలబడి, డాక్టరుని మా ఇంటి నోటితో చదివాను. "ఏటయ్యా నీ బాద? నవ్వొస్త నేదా? ఎన్నాల్లయినాది? ఏదీ, నాలిక సూపు."

హాలు చల్లబడిపోయింది. మాత్ర వేసుకున్నట్టు నవ్వేవాళ్ళు కూడా ఆ రోజు డోసు మర్చిపోయారు. అధ్యక్షుడుగారు నొచ్చుకుంటూ నా పక్కకి వంగి, "డాక్టరు అలా మాట్లాడితే నవ్వెలా వస్తుందండీ?" అన్నారు.

"మరి రోగి మాట్లాడితే ఎలా వస్తోందండీ?" అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచించారు. ఈలోగా వెనక వరసలోంచి ఒక పెద్దాయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "నాకు గుండె ఆపరేషన్ చేసినాయన ఇలాగే మాట్లాడతాడండీ. ఆయనది శ్రీకాకుళం," అన్నాడు. అధ్యక్షుడుగారు గడియారం చూసుకుని "ఇడ్లీలు చల్లారిపోతున్నాయి," అన్నారు. మనవాళ్ళ సభల్లో జవాబు దొరకని ప్రశ్నలన్నిటికీ జవాబు అదే.

నేను ఇడ్లీ తినలేదు. కథ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. చివరి పేజీ అధ్యక్షుడుగారి దగ్గరే ఉండిపోయింది.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ కుళాయి గట్టు మీద కానాగంత చేపలు తోముతోంది. ఏమీ అడగలేదు. నేను స్టూలు వేసుకుని మొదలుపెట్టాను. డాక్టరుని మా భాషలో చదివాను. రోగిని టీవీలో వార్తలు చదివే ఆయనలా చదివాను. "అయ్యా, గత పక్షం రోజులుగా నాకు నవ్వు సంభవించుట లేదు." "సంబవించక ఏటవుతాదయ్యా? ఏటి తింతన్నావు? ఇంట్లో ఎవులెవులున్నారు?" డాక్టరు స్టెతస్కోపు పెట్టాడు, రక్తం తీయించాడు, ఎక్స్‌రే కూడా చూశాడు. ఎక్కడా లోపం లేదు. అప్పుడు కళ్ళజోడు తీసి రోగికేసి చూసి...

"ఇక్కడిదాకే ఉందే," అన్నాను.

చేప మీద చెయ్యి ఆగింది. ఎంతసేపటి నుంచి ఆగి ఉందో నేను గమనించలేదు. ఆవిడ తల తిప్పలేదు.

"ఏటి బావా, ఆ డాక్టరుది ఏ ఊరు?"

"మనూరే," అన్నాను.

"అయితే బాగానే సెప్తాడు. నీకు రోగమేటీ నేదయ్యా అంతాడు. ఇంట్లో నవ్వే మనిసిని తీసుకెల్లి సబలో ఒదిలీసొచ్చినావు. ఎల్లి తెచ్చుకో అంతాడు."

కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. నేను కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని అడిగాను, ఈ ముగింపు రాసుకోనా అని.

"రాసుకో. గానీ ఎవులు సెప్పినారో అది కూడా రాయ్," అంది.

రాశాను.